ఇసుక వెంట భీమిలి దాకా

రైల్వే స్టేషన్లలో ఊరి పేరు రాసిన పసుపు బోర్డు మీద, అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంటుంది: ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందన్నది. మా సికింద్రాబాద్‌ది అయిదు వందల మీటర్ల పైచిలుకు. విశాఖపట్నానిది వేళ్ళ మీద లెక్కపెట్టేంత. ఈ రెండు బోర్డుల మధ్య దాదాపు ఏడు వందల కిలోమీటర్ల పట్టాలున్నాయి. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ ఆ దూరాన్ని ఎనిమిదిన్నర గంటల్లో ముగిస్తుంది. అయినా సముద్రం కోసమే వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది పాత గోదావరి ఎక్స్‌ప్రెస్ గురించే. సాయంత్రం ఇక్కడ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ దించుతుంది. తూర్పు తీరంలో పొద్దు నీళ్ళలోంచే పొడుస్తుంది. ఆ వేళకు బీచ్ రోడ్డు మీద ఉండకపోతే అంత దూరం వెళ్ళి ఏం లాభం?

బీచ్ రోడ్డంటే ఆర్కే బీచ్, ఋషికొండ అనుకుని రెండు ఫొటోలు దిగి తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. నిజానికి అది కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై సముద్రం పక్కనే ఉత్తరంగా భీమునిపట్నం, అదే భీమిలి, దాకా సాగే దారి. పాతిక కిలోమీటర్ల పైమాటే. కుడిచేతి వైపు బంగాళాఖాతం, ఎడమచేతి వైపు తూర్పు కనుమల కొసలు. మన దేశపు తూర్పు తీరంలో కొండలు ఇంతగా నీళ్ళలోకి దిగిన చోట్లు అరుదు. మచిలీపట్నం వైపో కాకినాడ వైపో వెళ్తే కొండ కంటికి కూడా ఆనదు, అంతా డెల్టా బురద. ఇక్కడ కొండా కడలీ ముఖాముఖి నిలబడ్డాయి. ఆ రెండింటి మధ్య పుట్టిందే ఇక్కడి ఇసుక. దారి పొడుగునా చూడాల్సింది దాన్నే అంటాను. సముద్రాన్ని ఎలాగూ చూస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ తీరం వెంట ఇసుక ప్రయాణం చేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును నేరుగా తాకవు, దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తాకుతాయి. వస్తూ వస్తూ రేణువును పక్కవాటుగా పైకి నెడతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు నీళ్ళు వాలు చూసుకుని నేరుగా కిందికి జారతాయి. ఇంకో అల మళ్ళీ పక్కవాటుగా నెడుతుంది. ఇలా రంపపు పళ్ళలాంటి గీత గీసుకుంటూ ఒక్కో రేణువూ ఉత్తరానికి నడుస్తుంది. చలికాలంలో ఈశాన్య గాలులు వీచినప్పుడు నడక తిరగబడి దక్షిణానికి మళ్ళుతుంది గానీ, ఏడాది చివర లెక్క చూస్తే జమ ఉత్తరానికే. కాబట్టి కోస్టల్ బ్యాటరీ నుంచి భీమిలికి నడిచేవాడు ఇసుకతోపాటు, ఇసుక వెళ్ళే దిక్కుకే నడుస్తున్నట్టు. తిరుగు దిక్కులో నడవమని ఎవరికీ సలహా ఇవ్వను.

నడక మొదట్లోనే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచి కనిపిస్తుంది. ఆ కొండ చాటున్నదే ఓడరేవు. 1933లో రేవు మొదలైనప్పుడు అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను పనిగట్టుకుని ముంచి అడ్డుకట్టగా వేశారు. ఓడలకు నీడ దొరికింది, ఇసుకకు మాత్రం దారి మూసుకుపోయింది. ఉత్తరానికి పోవాల్సిన ఇసుక రేవు దక్షిణపు గట్టు దగ్గర ఆగిపోతుంటే ఇవతల నగరం ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే రేవు ముఖం దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు చేరవేయడం ఒక పనిగా పెట్టుకున్నారు. పిల్లలు పిచ్చుక గూళ్ళు కట్టుకునే ఆ ఇసుకలో కొంత అలల మీద రాలేదు, యంత్రమెక్కి వచ్చింది. అలలు ఊరికే చేసిపెట్టే పనిని మనం డీజిలు పోసి చేస్తున్నాం.

ఉదయం పూట ఆర్కే బీచ్ దగ్గర వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. రామకృష్ణ మఠం, కాళీ ఆలయం దాటితే కురుసుర జలాంతర్గామి. 91 మీటర్ల పొడవున్న ఈ సోవియట్ తయారీ నౌక 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో కొలువు ముగించింది, మరుసటి ఏడు మ్యూజియమై ఒడ్డునే స్థిరపడింది. ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. రెండింటికీ టికెట్టు కొనుక్కుని తీరిగ్గా చూడొచ్చు. సాయంత్రమైతే మురీ మిక్చర్ బళ్ళు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గుర్రాల సవారీ. ఆ సందడిని వదిలి నీళ్ళ అంచుకు దిగండి.

తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. నగరం మురికి అనుకుని చీరె చెంగులు ఎత్తిపట్టుకునేవాళ్ళను చూశాను. అది మురికి కాదు. ఇల్మనైట్ అనే ఖనిజం, ఇనుమూ టైటానియమూ కలిసినది. మామూలు తెల్ల ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికంటే 2.65 రెట్లు బరువు. ఇల్మనైట్ దాదాపు 4.7 రెట్లు. అల వచ్చి రెండింటినీ లేపుతుంది. వెనక్కి పోయే నీటికి తేలికదాన్ని మోసుకుపోయే ఓపికే ఉంటుంది, బరువైనది అక్కడే దిగబడుతుంది. అమ్మలు చేటతో బియ్యం చెరిగినట్టు సముద్రం రోజంతా ఇసుకను చెరుగుతుంటుంది. తుఫాను వెళ్ళిన మర్నాడు చూస్తే చారలు కాస్తా చాపలై పరుచుకుని ఉంటాయి. నల్లదానికి పక్కనే పలచగా గులాబీ, ఊదా కలిసిన రంగు పొర ఒకటి ఉంటుంది. వంగి గుప్పెట్లోకి తీసుకుని ఎండకు పట్టండి. ఆ రేణువులు అద్దం ముక్కల్లా వెలుతురును లోపలికి రానిస్తాయి. అవి గార్నెట్లు. నవరత్నాల్లో మనం ఉంగరానికి పొదిగించుకునే గోమేధికం ఈ జాతిదే. ఈ ఇసుకలోనే జిర్కాన్, రూటైల్, సిల్లిమనైట్, థోరియం ఉన్న మోనజైట్ కూడా కలిసి ఉంటాయి. అణుశక్తి శాఖ కన్ను ఈ తీరం మీద ఉండటం అందుకే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. తెల్లవారుజామున జనం అడుగులు పడకముందు, పీతల బొరియల పక్కన చూడండి. కనుగుడ్లు పొడవాటి కాడల మీద నిలబెట్టుకుని తిరిగే లేత రంగు ఇసుక పీత ఒకటి బొరియలోంచి పక్కవాటుగా బయటికొస్తుంది. కాళ్ళ సందున ఇరికించి తెచ్చిన ఇసుక ముద్దను విసిరి, ఒక్క క్షణం ఆగి మనవైపు చూసి, దిగిపోతుంది. అది విసిరిన కుప్ప ఒకచోట తెల్లగా, నాలుగడుగుల అవతల నల్లగా ఉంటుంది. తవ్వకుండానే ఏ చోట అడుగున నల్లపొర దాగుందో పీత చెప్పేస్తోందన్నమాట.

జనవరి నుంచి మార్చి దాకా అయితే ఇదే ఇసుకకు ఇంకో పని పడుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి గుంట తవ్వి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లను కంచె కట్టిన హేచరీలకు మార్చి పాతిపెడతారు. యాభై రోజుల అటూఇటూగా పిల్లలు బయటికొస్తాయి. ఆడపిల్లా మగపిల్లా అన్నది తల్లి కడుపులో తేలదు, ఇసుక వేడిలో తేలుతుంది. ఇసుక బాగా వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి. భూమి వేడెక్కుతోందంటే శాస్త్రవేత్తలు ఇసుకలో థర్మామీటర్లు ఎందుకు గుచ్చుతున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంతకీ ఈ గార్నెట్లు ఎక్కడివి? పెదజాలారిపేట తెప్పలు దాటి, కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి దిగితే జవాబు దొరుకుతుంది. నల్లగా, తుప్పు రంగుగా, పొరలు పొరలుగా ఉన్న ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్.వాకర్ అనే భూగర్భవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. నీళ్ళు తగిలి నునుపెక్కిన చోట కాకుండా కొత్తగా విరిగిన అంచు వెతకండి. తెల్లటి క్వార్ట్జ్ పొరల మధ్య ముదురు ఎరుపు గుండ్రటి బుడిపెలు, కంది గింజంతవి, కొన్ని ఇంకా పెద్దవి కనిపిస్తాయి. అవే గార్నెట్లు, రాతిలోంచి ఊడిపడకముందు. ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బంకమట్టీ ఇసుకా భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి ఈ రాయిగా మారాయి. ఆ ఉడుకు జరిగి దాదాపు 100 కోట్ల ఏళ్ళయింది. అంటే సముద్రంలో పుట్టిన మట్టి, కొండై, మళ్ళీ ఇసుకై, సముద్రం ఒడ్డుకే చేరింది.

మావైపు వాళ్ళు ఇక్కడ కాస్త గర్వపడొచ్చు. మౌలాలి గుట్టా, సికింద్రాబాద్ చుట్టూ ఉన్న బండలూ సుమారు 250 కోట్ల ఏళ్ళవి. విశాఖ కొండలు వాటి ముందు పిల్లకాయలు. కానీ వీటికున్న చుట్టరికం మన బండలకు లేదు. ఈ కొండల తోబుట్టువులు అంటార్కిటికాలో ఉన్నాయి. గోండ్వానా మహాఖండంలో మన తూర్పు తీరమూ తూర్పు అంటార్కిటికా తీరమూ అతుక్కుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట అవి విడిపోవడం మొదలైంది, ఆ చీలికలోకి వచ్చిన నీళ్ళే బంగాళాఖాతానికి మొదలు. అక్కడ రేనర్ ప్రాంతంలో మంచు కింద ఉన్న రాళ్ళు, ఇక్కడ కైలాసగిరి కింద ఉన్న రాళ్ళు ఒకే కాలంలో, ఒకే కొండల వరుసలో ఉడికినవి. తెన్నేటి పార్కు రాయి మీద కూర్చుని పల్లీలు తినేవాడు తెగిపోయిన ఖండపు అంచు మీద కూర్చున్నాడు.

2020 అక్టోబరులో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ ఈదురుగాలికి కొట్టుకొచ్చి సరిగ్గా ఈ రాళ్ళ మీదే ఎక్కి కూర్చుంది. నెలల తరబడి జనానికి అదొక తిరునాళ్ళ. రాళ్ళు అక్కడ ఎందుకున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒడ్డు మీద ఎంత వింత ఉందో నీళ్ళ కింద అంతకు తక్కువేమీ లేదు. 1950ల్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఇక్కడివాళ్ళతో కలిసి ఈ సముద్రాన్ని కొలిచాడు. తర్వాతి కాలంలో తీరానికి దూరంగా, ఖండపు వాలు మీద మూడు లోయలు దొరికాయి. వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. రెండోది ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహాదేవన్ పేరు. ఎవరూ కాలు పెట్టని లోయకు వాల్తేరు మేష్టారి పేరుండటం నాకు భలే నచ్చింది.

ఋషికొండను త్వరగా దాటేద్దాం. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్, అలలు బాగుంటాయి, జనం ఎక్కువ. దాని తర్వాతే అసలు దారి మొదలవుతుంది. తాటిచెట్లు, జీడిమామిడి తోపులు, ఎడమ వైపు తొట్లకొండ. 1976లో నౌకాదళం విమానంలో సర్వే చేస్తుంటే ఈ కొండ మీద బౌద్ధ ఆరామం శిథిలాలు బయటపడ్డాయి. భిక్షువులు బండలో తొలుచుకున్న నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పునీళ్ళ పక్కన మంచినీళ్ళు దాచుకోవడం ఎలాగో రెండు వేల ఏళ్ళ కిందటే తెలిసినవాళ్ళు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి.

కొండకు ఎదురుగా, రోడ్డు దాటి కిందికి దిగితే మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం. నేను వెళ్ళేసరికి నీళ్ళు రాళ్ళ నడుముల దాకా ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "ఇప్పుడెళ్తే ఏటి కనపడతాది బాబూ? పోటు మీదున్నాది. ఆటు తీసినాక రండి."

"ఎంతసేపు పడుతుంది తాతా?"

"ఎండెక్కనీండి. తొందరుంటే సముద్రానికి చెప్పండి."

చెప్పలేదు. నీళ్ళు తీసే దాకా ఆయన పక్కనే కూర్చున్నాను. ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా పౌర్ణమి, అమావాస్యలకైనా మీటరున్నర ప్రాంతమే. కానీ ఆ మీటరున్నరలోనే తోరణం కింద నడిచే దారి ఉంది. ఖోండలైట్ పొరల్లో గట్టివీ మెత్తవీ ఉంటాయి. అలలు మెత్తదాన్ని తొలిచేశాయి, గట్టిది కప్పులా మిగిలింది. తిరుమల శిలాతోరణం చూసినవాళ్ళకు ఇది చిన్నగా అనిపించవచ్చు. కానీ తిరుమలది పని పూర్తయిన తోరణం. ఇక్కడ ఉలి ఇంకా ఆడుతూనే ఉంది, నిలబడి చూడొచ్చు. రాళ్ళ గుంటల్లో నీళ్ళు నిలిచిన చోట సముద్రపు పూలలా విచ్చుకునే ఎనిమోన్లు, ముళ్ళ ఉండల్లాంటి సీ అర్చిన్లు, రాతికి అంటుకుపోయిన గుల్లలు కనిపిస్తాయి. వేలు ముంచితే ఎనిమోన్ ముడుచుకుపోతుంది. ముంచకపోతే మరీ మంచిది.

ఇక్కడి నుంచి ముందుకు వెళ్తే నేల రంగు మారుతుంది. ముందు రోడ్డు పక్కన మట్టి, తర్వాత చెట్ల మొదళ్ళు, చివరికి తోపులోంచి లోపలికి నడిస్తే కళ్ళ ముందు అంతా ఎరుపు. ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉంది గానీ అది ఇసుక. తీరం వెంట అయిదు కిలోమీటర్ల పొడవున, రెండు వందల మీటర్ల నుంచి రెండు కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంది. పైనుంచి చూస్తే చదునుగానే ఉంటుంది. వాగు గుండా లోపలికి దిగితే రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి, తలెత్తి చూడాల్సినంత ఎత్తున. గోడ మీద వాన గీసిన నిలువు గాళ్ళు, మధ్యలో సన్నటి శిఖరాలు, ఒకచోట వేళ్ళు గాలిలో వేలాడుతూ ఇంకా పచ్చగా ఉన్న జీడిమామిడి. అడుగున చల్లగా, వేలెడు లోతు నీళ్ళు ఇసుక మీద చప్పుడు లేకుండా పాకుతూ సముద్రం వైపు పోతుంటాయి.

ఈ గోడను గోటితో గీరితే పొడి రాలుతుంది. ఆ పొడిని చేతిలో కడిగి చూస్తే ఎరుపు కొంత నీళ్ళలోకి పోయి మామూలు ఇసుక రేణువు బయటపడుతుంది. ఎరుపంతా పైపూతే. భూగర్భవేత్తలు చెప్పే కథ ఇది: చివరి మంచుయుగం తారస్థాయిలో, అంటే సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, ప్రపంచపు నీళ్ళలో కొంత భాగం మంచుగా బిగుసుకుపోయి సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా పడిపోయింది. తీరం ఎక్కడికో తూర్పుకు జరిగింది. బయటపడిన సముద్రపు అడుగు ఎండి, ఆ ఇసుకను గాలి లోపలికి ఎత్తి దిబ్బలుగా పోసింది. కొండల మీంచి వాగులూ తమ వంతు తెచ్చాయి. ఆ ఇసుకలో ఉన్నవి మనకు ఇప్పటికే తెలిసినవే, గార్నెట్, ఇల్మనైట్. వేల ఏళ్ళ వానకూ ఎండకూ వాటిలోని ఇనుము కరిగి తుప్పై ప్రతి రేణువునూ పూసింది. ఆర్కే బీచ్‌లో నల్లచారగా చూసినదే ఇక్కడ కొండంత ఎరుపై నిలబడింది. దక్షిణాసియాలో ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక మేటలు మరో రెండు చోట్లే చెప్పుకోదగ్గవి: తమిళనాడులోని తేరి నేలలు, శ్రీలంక తీరం. మూడింటిలో మనదే ఉత్తరపు కొస.

ఇంత మెత్తటి నేల కాబట్టే ఇంత అందం, ఇంత అపాయం. వాన దీన్ని చెక్కుతుంది, అదే వాన కరిగిస్తుంది కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటినప్పుడు ఈ తీరమంతా రూపు మారిపోయింది. ప్రకృతి చేసినదాన్ని ప్రకృతే సర్దుకుంటుంది, దాని గురించి బెంగలేదు. పొక్లెయిన్ చేసినదాన్ని సర్దేవాళ్ళు లేరు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా 2024లో ఇక్కడ చదును చేసే పనులు జరిగి గొడవైంది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు ఈ దిబ్బలు కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. జాబితా అంటే కాగితం. దిబ్బల పైభాగాన పెరిగే ఒక్కో ప్రహరీ ఆ కాగితం కంటే గట్టిది, నా భయం అదే.

అక్కడి నుంచి భీమిలి ఎంతో దూరం లేదు. డచ్చివాళ్ళ సమాధుల పాత శిలలు, లైట్‌హౌసు, గంట స్తంభం, 1861 నాటి మునిసిపాలిటీ, వీటన్నింటి చివర గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా పారి వచ్చిన నది అది. కనుమల నుంచి తాను మోసుకొచ్చిన రేణువులను మొగ దగ్గర దించుతుంది. వాటిని అలలు అందుకుని మళ్ళీ ఉత్తరానికి నడిపిస్తాయి. మన దారి భీమిలితో ఆగినా ఇసుక ఆగదు.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. దారంతా ఒకే రోజు నడవాలని పంతం పట్టకండి, మధ్యలో బీచ్ రోడ్డు మీద తిరిగే ఆర్టీసీ బస్సులున్నాయి. శిలాతోరణానికి వెళ్ళేముందు ఆటుపోట్ల వేళ చూసుకోండి, లేదా ఒడ్డున వల అల్లుకునే ఎవరినైనా అడగండి. దిబ్బల మీద ఫొటో కోసం అంచున నిలబడకండి, కింద ఉన్నది రాయి కాదు, ఇసుక. వాగుల్లో ఉన్న కాలిదారినే నడవండి, గోడల మీద పేర్లు చెక్కకండి. గుర్తుగా ఉంటుందని ఆ ఎర్ర ఇసుకను సీసాలో పోసి తెచ్చుకునే అలవాటు ఒకటుంది. దయచేసి దాన్ని అక్కడే వదిలి రండి.